మన గుంపు ఎక్కడ కాపురం పెట్టాలి? మాస్టోడాన్, బ్లూస్కై, మ్యాట్రిక్స్, నాస్టర్, సొంత డొమైన్: ఒక పోలిక

పోయినేడాది మార్చిలో మా పాఠకుల గుంపు అడ్మిన్ అకౌంట్ లాక్ అయింది. ఏ వేదికో ఇక్కడ అనవసరం, పెద్దదే. ఎవరైనా హ్యాక్ చేశారో, మెషీనే పొరపాటున పట్టుకుందో ఇప్పటికీ తెలియదు. అప్పీలు పెట్టాం, ఐడీ కార్డు పంపాం, నాలుగు వారాలు ఎదురుచూశాం, చివరికి గ్రూపే కనిపించకుండా పోయింది. తొమ్మిదేళ్ల రాతలు అవి. వాటిలో నాకు బాగా గుర్తున్నవి నరసరావుపేట వైపు నుంచి ఒక పెద్దావిడ రాసిన పద్నాలుగు భాగాలు: చిన్నప్పుడు శివరాత్రికి ఎడ్లబండి కట్టుకుని కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లడం, ప్రభ కట్టడానికి ఊళ్లో ఎవరెవరు ఏమేం తెచ్చేవాళ్లు, దారిలో ఎక్కడ ఆగి అన్నాలు తినేవాళ్లు, అన్నీ. ఆవిడ ఇప్పుడు లేరు. వాళ్లమ్మాయి ఫోన్ చేసి "అమ్మ రాసినవి ఒకసారి పంపిస్తారా అండీ" అని అడిగినప్పుడు నా దగ్గర పంపడానికి ఏమీ లేదు.

అప్పటి నుంచి గుంపులో ఒకటే చర్చ, ఇక ఎక్కడికి పోదాం అని. ఒకరు మాస్టోడాన్ అంటారు, ఇంకొకరు బ్లూస్కై అంటారు, ఇంజనీరింగ్ చదివే కుర్రాడు నాస్టర్ అంటాడు, పెద్దవాళ్లు వాట్సాప్ చాలదా అంటారు. ఒక్కోదాంట్లో అకౌంట్ తెరిచి, కొన్నిట్లో మా వాళ్లను పదిపదిహేను మందిని చేర్చి, బయటికి వచ్చే దారి ఎలా ఉందో కూడా చూసి ఇది రాస్తున్నాను. ఇదే టెన్షన్‌లో ఉన్న అడ్మిన్లు ఇంకా చాలామంది ఉన్నారని తెలుసు.

ముందు ఒక పాత సంగతి చెప్పాలి. తెలుగువాళ్లు ఆన్‌లైన్‌లో మొదట కలుసుకున్న చోటు ఏ కంపెనీదీ కాదు. 1990లలో అమెరికా యూనివర్సిటీల్లో చదువుకుంటున్న మనవాళ్లు యూజ్‌నెట్‌లో సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే న్యూస్‌గ్రూపులో, రైస్ యూనివర్సిటీలో తయారైన ఆర్‌టీఎస్ పద్ధతిలో, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకునేవాళ్లు. యూజ్‌నెట్‌కు యజమాని లేడు. ఒకరు రాసింది ఎన్నో సర్వర్లలోకి కాపీ అయ్యేది, అందుకే ఆనాటి మాటల్లో కొన్ని ఇవాళ్టికీ పాత ఆర్కైవుల్లో దొరుకుతున్నాయి. తర్వాత సాహిత్య చర్చలన్నీ యాహూ గ్రూప్స్‌కు చేరాయి. అది ఒక్క కంపెనీ ఇల్లు. 2019 చివర్లో పాత రాతలన్నీ తీసేస్తామన్నారు, 2020 డిసెంబర్ 15న గ్రూపులే మూసేశారు. ముందుగా ఎవరో ఒకరు దించి దాచిపెట్టుకున్నవే మిగిలాయి. ఆర్కుట్ 2014 సెప్టెంబర్‌లో పోయింది, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది, తెలుగులో కూడా రాసుకోనిచ్చిన మన దేశపు కూ 2024 జులైలో పోయింది.

ఇప్పుడొస్తున్న కొత్త వేదికలు ఒకరకంగా ఆ యూజ్‌నెట్ దారినే మళ్లీ పడుతున్నాయి. ఈమెయిల్ సంగతి ఆలోచించండి: మీది ఒక కంపెనీ, నాది ఇంకో కంపెనీ, అయినా ఉత్తరం చేరుతుంది. సోషల్ మీడియా కూడా అలాగే నడవాలన్న ఆలోచననే వికేంద్రీకృతం అనో, డీసెంట్రలైజ్డ్ అనో అంటున్నారు. కానీ ఆ పేరు పెట్టుకున్నవన్నీ ఒకేలా లేవు.

## ముందు ఏం చూసుకోవాలి

అన్నిటికంటే ముందు, రేపు ఖాళీ చేయాల్సి వస్తే ఏం పట్టుకెళ్లగలం అన్నది చూడండి. మూడు మూటలుంటాయి: పేరు, మనుషులు, రాతలు. జనం మిమ్మల్ని వెతుక్కునే అడ్రస్సే పేరు, అది మీతో వస్తుందా? మిమ్మల్ని ఫాలో అవుతున్నవాళ్లు వాళ్లంతట వాళ్లే వెంట వస్తారా, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పుకోవాలా? ఇన్నేళ్లు రాసింది కొత్త చోట కనిపిస్తుందా, కంప్యూటర్‌లో ఒక ఫైలుగా పడుంటుందా? మా గుంపుకు మూడు మూటలూ పోయాయి. మనుషుల్ని రెండు నెలలు ఫోన్లు చేసి మళ్లీ కూడగట్టుకున్నాం, రాతలు మాత్రం రాలేదు. అందుకే నా లెక్కలో రాతలకే ఎక్కువ మార్కులు.

రెండోది తాళంచెవి. అది కంపెనీ దగ్గరుందా, సర్వర్ నడిపే మనిషి దగ్గరుందా, మీ దగ్గరే ఉందా? మీ దగ్గరే ఉంటే బాగుంటుందనిపిస్తుంది, కానీ పోగొట్టుకుంటే ఇంకోటి చేసిచ్చేవాళ్లు ఉండరు.

మూడోది ఇంగ్లీషులో వచ్చే పోలికల్లో నాకు ఎక్కడా కనిపించలేదు, మనకు మాత్రం చాలా ముఖ్యం. తెలుగులో బూతులు తిడితే, కులం పేరు తీసి వెక్కిరిస్తే, ఒకమ్మాయి పోస్టు కింద పదిమంది చేరి వేధిస్తే, అది చదివి అర్థం చేసుకునే మనిషి అక్కడ ఉన్నారా? తెలుగు లిపిలో ఉంటే మెషీన్ ఎంతోకొంత పట్టుకుంటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగుతో రాసే తిట్లు దానికి దొరకవు. జర్మనీలో ఉన్న అడ్మిన్‌కు రిపోర్టు కొడితే ఆయన అది ఏ భాషో కనుక్కోవడానికే కొంత సమయం పడుతుంది.

ఇక ఇంట్లో పెద్దవాళ్లు చేరగలరా, డబ్బు ఎంత, ఓపిక ఎంత అన్నవి ఎలాగూ చూస్తారు.

"అక్కడ మనవాళ్లు ఎంతమంది ఉన్నారు" అని అందరూ మొదట అడుగుతారు. ఒంటరిగా రాసే మనిషికి అది పెద్ద ప్రశ్నే, కాదనను. రెండు వందల మంది ఉన్న గుంపుకు మాత్రం కాదు, మన జనాన్ని మనమే వెంటబెట్టుకుని వెళ్తాం కదా.

## ఉన్నచోటే ఉండిపోతే

ఫేస్‌బుక్, వాట్సాప్, టెలిగ్రామ్. అందరూ ఇప్పటికే ఉన్నారు, ఎవరికీ ఏమీ నేర్పక్కర్లేదు, ఖర్చు లేదు. పెళ్లి పిలుపులకు, అపార్ట్‌మెంట్‌లో నీళ్ల ట్యాంకర్ కబుర్లకు, బడి పిల్లల తల్లిదండ్రుల గ్రూపుకు ఇంతకంటే ఏం కావాలి? అలాంటి వాటిని కదపకండి, అనవసరపు శ్రమ.

ఏళ్ల తరబడి నిలవాల్సిన రాతలైతే మాత్రం ఇవి చాలవు. ఫేస్‌బుక్‌లో మీ సమాచారం డౌన్‌లోడ్ చేసుకుంటే మీరు రాసినవి వస్తాయి, గ్రూపులో మిగతావాళ్లు రాసినవి రావు. వాట్సాప్‌లో ఆర్నెల్ల కిందటి మాట వెతకడమే కష్టం. తాళంచెవి మొత్తం వాళ్ల దగ్గరే.

## మాస్టోడాన్

2016లో జర్మనీలో ఆయిగన్ రోచ్కో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. దీని వెనక ఉన్న యాక్టివిటీపబ్ అనే ప్రోటోకాల్‌కు (సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతికి) వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ 2018 జనవరిలో ఆమోదముద్ర వేసింది. ఎవరైనా సర్వర్ పెట్టుకోవచ్చు, ఒక సర్వర్ వాళ్లు ఇంకో సర్వర్ వాళ్లను ఫాలో కావచ్చు. పోస్టుకు మామూలుగా 500 అక్షరాలు. ఎవరు ఎప్పుడు రాస్తే ఆ వరసలోనే కనిపిస్తుంది, మధ్యలో ప్రకటనలు దూరవు.

మా గుంపులో తెనాలి దగ్గరి రిటైర్డ్ తెలుగు మాస్టారు ఒకరున్నారు. ఆయన్ని చేర్చేటప్పుడు అడ్రస్సులో రెండు @ గుర్తులు చూసి "ఒకటి ఎక్కువ పడిందేమో చూడు నాయనా" అన్నారు. "లేదు మాస్టారూ, మొదటిదాని తర్వాత మీ పేరు, రెండోదాని తర్వాత మీ ఊరు" అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే ఊరు మారితే పేరు కూడా మారిపోతుందన్నమాట" అన్నారు. మాస్టోడాన్‌లో ఉన్న అసలు ఇబ్బందిని ఆయన రెండు నిమిషాల్లో పట్టేశారు. సర్వర్ మారితే అడ్రస్సు మారుతుంది. ఫాలోవర్లు వాళ్లంతట వాళ్లే కొత్త అకౌంట్‌కు వస్తారు, ఇది మంచి ఏర్పాటు. పాత పోస్టులు మాత్రం రావు. ఒక ఫైలుగా దించుకోవచ్చు, అది కూడా వారానికి ఒక్కసారే అడగనిస్తుంది, కానీ దాన్ని కొత్త సర్వర్‌లో ఎక్కించే దారి లేదు.

ఇంకో సంగతి. ఫాలోవర్లను తరలించుకోవాలంటే పాత సర్వర్ ఇంకా నడుస్తూ ఉండాలి. చెప్పాపెట్టకుండా ఆగిపోతే అంతే. మొజిల్లా లాంటి పెద్ద సంస్థ నడిపిన సర్వర్ కూడా 2024 డిసెంబర్ 17న మూతపడింది, కాకపోతే వాళ్లు మూడు నెలల ముందే చెప్పారు. క్వీర్.ఏఎఫ్ అనే సర్వర్‌కు ఆ అదృష్టం కూడా లేదు: దాని డొమైన్ (ఇంటర్నెట్ అడ్రస్సు) చివర ఉన్నది అఫ్గానిస్థాన్ గుర్తు, 2024 ఫిబ్రవరిలో తాలిబన్ ప్రభుత్వం ఆ డొమైన్‌ను రద్దు చేసింది. కాబట్టి సర్వర్ ఎంచుకునేటప్పుడు మాస్టోడాన్ అధికారిక జాబితాలో ఉన్నదే ఎంచుకోండి. ఆ జాబితాలో చేరాలంటే రోజూ బ్యాకప్ తీస్తామని, అత్యవసరానికి ఇంకొకరి చేతిలో కూడా తాళాలు పెడతామని, మూసేయడానికి కనీసం మూడు నెలల ముందే చెప్తామని మాటివ్వాలి.

మాస్టోడాన్‌లో నాకు బాగా నచ్చింది, సర్వర్ మనదే అయితే మోడరేషన్ కూడా మనదే కావడం. తెలుగు తెలిసిన ముగ్గురు మోడరేటర్లు ఉంటే చాలు, ఏ రిపోర్టయినా చదవగానే అర్థమవుతుంది. ఒక సర్వర్ నుంచి మొత్తం గొడవే వస్తుంటే ఆ సర్వర్‌నే మన వైపు రాకుండా ఆపేయొచ్చు. మెనూల్లో తెలుగు ఉంది కానీ అనువాదం పూర్తి కాలేదు, క్రౌడిన్ అనే అనువాదాల సైటులో ఎవరైనా వెళ్లి పూర్తిచేయొచ్చు. #తెలుగు లాంటి ట్యాగును కూడా ఫాలో కావచ్చు, తెలియని మనుషులు కలిసేది దాదాపు అలాగే.

ఒక జాగ్రత్త: ఇందులో ప్రైవేటు మెసేజీలకు ఎన్‌క్రిప్షన్ లేదు. సర్వర్ నడిపేవాళ్లు కావాలనుకుంటే చదవగలరు. ఇంటి గుట్లు అందులో రాయకండి.

మన దేశంలో మాస్టోడాన్‌కు ఒకసారి పెద్ద గాలి వీచింది. 2019లో సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే అకౌంట్‌ను ట్విట్టర్ నిలిపివేసినప్పుడు, ఆ నవంబర్‌లో చాలామంది భారతీయులు కోపంతో మాస్టోడాన్‌లో చేరారు. తర్వాత ఎక్కువమంది పాత గూటికే వెళ్లిపోయారు. నాకు కనిపించిన కారణం, వాళ్లు ఒక్కొక్కరుగా వచ్చారు, గుంపుగా రాలేదు. వచ్చినవాళ్లకు పలకరించే మనిషి కనిపించకపోతే ఎన్నాళ్లుంటారు?

## బ్లూస్కై

ఇది ట్విట్టర్ లోపలే 2019లో అప్పటి సీఈఓ జాక్ డోర్సీ ప్రకటించిన ఆలోచనగా మొదలై, 2021లో వేరే కంపెనీ అయింది. 2024 ఫిబ్రవరిలో ఆహ్వానం లేకుండానే అందరూ చేరేలా తలుపులు తెరిచారు. 2025 చివరికి 4 కోట్ల అకౌంట్లు దాటాయి. చూడటానికి పాత ట్విట్టర్‌లాగే ఉంటుంది కాబట్టి నేర్పాల్సింది తక్కువ. మా వాళ్లు అందరికంటే త్వరగా అలవాటు పడింది ఇందులోనే.

2011 జనవరి నుంచి దేశమంతటా మొబైల్ నంబర్ మార్చుకోకుండా కంపెనీ మారే వీలు వచ్చింది, గుర్తుందా? బ్లూస్కై వెనక ఉన్న ఏటీ ప్రోటోకాల్ అలాంటిదే చేయాలని చూస్తోంది. మీ పోస్టులు, లైకులు, ఫాలోలు అన్నీ ఒక సంచిలా ఒకచోట ఉంటాయి, ఆ సంచిని వేరే సర్వర్‌కు మార్చుకున్నా మీ గుర్తింపు మారదు, ఫాలోవర్లకు ఏమీ తెలియను కూడా తెలియదు. మీకు సొంత డొమైన్ ఉంటే దాన్నే మీ పేరుగా పెట్టుకోవచ్చు. డొమైన్ సెట్టింగుల్లో ఒక లైను చేరిస్తే చాలు, పది నిమిషాల పని. కాగితం మీద చూస్తే మూడు మూటలూ మీతో వస్తాయి.

కాగితం మీద అని ఎందుకన్నానంటే, ఇవాళ్టికి జనంలో ఎక్కువ భాగం ఆ ఒక్క కంపెనీ సర్వర్లలోనే ఉన్నారు. అది పెట్టుబడిదారుల డబ్బుతో నడుస్తోంది, 2024 అక్టోబర్‌లో 1.5 కోట్ల డాలర్లు తీసుకున్నారు, ఆ డబ్బుకు రేపు ఏదో రూపంలో లాభం చూపించాలి కదా. 2025 ఏప్రిల్‌లో తుర్కియే ప్రభుత్వం అడిగితే కొన్ని అకౌంట్లు ఆ దేశంలో కనిపించకుండా చేశారు. 2025 ఆగస్టులో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో వయసు తనిఖీ చట్టం అమల్లోకి వస్తే ఆ రాష్ట్రం మొత్తానికీ యాప్ ఆపేశారు. అయితే అదే ప్రోటోకాల్ మీద వేరేవాళ్లు చేసిన యాప్‌లు కంపెనీ పెట్టిన అడ్డును తప్పించుకుని పనిచేయగలిగాయి, నల్లజాతి వాళ్ల కోసం మొదలైన బ్లాక్‌స్కై లాంటి వాళ్లు సొంత సర్వర్లు నడుపుతున్నారు. అంటే తలుపు ఉంది, గొళ్లెం కూడా తీసే ఉంది. ఆ దారిన బయటికి వెళ్లినవాళ్లు ఇంకా తక్కువ.

తెలుగు రాసేవాళ్లకు ఒక చిన్న లాభం చెప్తాను. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) పోస్టుకు 280 అంటే, గుణింతాన్ని, పొల్లును, సున్నాను వేరువేరుగా లెక్కపెడుతుంది: 'పుస్తకం' అని రాస్తే ఏడు అయిపోతాయి. బ్లూస్కైలో 300 అంటే గుణింతం అక్షరంతో కలిపే ఒకటి, అదే మాటకు మూడో నాలుగో అవుతాయి. అంటే చూడటానికి ఇరవై అక్షరాల తేడా, నిజానికి మనకు దాదాపు రెట్టింపు చోటు.

ఎవరైనా సొంతంగా ఫీడ్ తయారుచేసుకోవచ్చు. తెలుగు పోస్టులు మాత్రమే వచ్చేలా, లేదా మీ గుంపులోవాళ్లవే వచ్చేలా చేసుకోవచ్చు. లోటు ఏమిటంటే ఇక్కడ పోస్టులన్నీ బహిరంగమే, తాళం వేసుకున్న అకౌంట్ లేదు, ఎవరు ఎవరిని బ్లాక్ చేశారో కూడా బయటికి తెలుస్తుంది. వేధింపులకు గురైన అనుభవం ఉన్నవాళ్లు ఇది ఆలోచించుకుని చేరాలి.

థ్రెడ్స్ గురించి కూడా అడుగుతారు కాబట్టి ఒక మాట. మెటా దాన్ని యాక్టివిటీపబ్‌కు కొంతవరకు కలిపింది, అయినా అకౌంట్ మెటాదే, రూల్స్ మెటావే. నేను దాన్ని ఈ జాబితాలో చేర్చను.

## మ్యాట్రిక్స్

ఇది కబుర్ల గది, వాట్సాప్ గ్రూపుకు దగ్గరగా ఉంటుంది. 2014 నుంచి ఉంది. ఫ్రాన్స్ ప్రభుత్వ ఉద్యోగులు వాడే చాప్ దీని మీదే నడుస్తోంది, జర్మనీ సైన్యం కూడా వాడుతోంది. గదిలో ఎన్ని సర్వర్ల వాళ్లుంటే అన్ని సర్వర్లలోనూ గది కాపీ ఉంటుంది. ఒక సర్వర్ పోయినా మిగతావాళ్లకు గది అలాగే ఉంటుంది, ఈ ఒక్క విషయంలో దీనికి సాటి లేదు.

చేరడం మాత్రం తేలిక కాదు. రికవరీ కీ దాచుకోకపోతే కొత్త ఫోన్‌లో పాత మెసేజీలు చదవలేరు. మా గుంపులో పన్నెండు మంది చేరితే నలుగురు మొదటి వారంలోనే ఇరుక్కున్నారు. బహిరంగంగా ఉండే చర్చ అయితే గది తెరిచేటప్పుడే ఎన్‌క్రిప్షన్ పెట్టకండి, తర్వాత తీసేసే వీలుండదు. ఇంకొకటి, 2023 మేలో భారత ప్రభుత్వం జమ్మూ కశ్మీర్ భద్రతా కారణాలు చెప్పి 14 మెసేజింగ్ యాప్‌లను నిషేధించింది, వాటిలో మ్యాట్రిక్స్‌కు ముఖ్యమైన యాప్ ఎలిమెంట్ కూడా ఉంది. ఇండియాలో ఉన్న గుంపు మొత్తాన్ని దాని మీద ఆధారపడేలా చేసేముందు ఈ సంగతి అందరికీ చెప్పండి.

## నాస్టర్, లెమ్మీ

నాస్టర్‌లో అకౌంట్ అంటూ ఉండదు, ఒక రహస్య తాళంచెవి ఉంటుంది, మీరు రాసినవి రిలేలు అనే సర్వర్లకు వెళ్తాయి. మిమ్మల్ని ఎవరూ బయటికి పంపలేరు. తాళంచెవి పోతే తిరిగి రాదు, ఇంకొకరి చేతిలో పడితే వాళ్లే మీరైపోతారు, పాస్‌వర్డ్ మార్చుకునే అవకాశమే లేదు. స్పామ్ ఎక్కువ. మన కుర్రాడి ఉత్సాహాన్ని నేను గౌరవిస్తాను, కానీ మా అమ్మను ఇందులో చేర్చను.

లెమ్మీ రెడిట్ లాంటిది, ఒక్కో విషయానికి ఒక్కో చర్చా కమ్యూనిటీ ఉంటుంది. 2023 జూన్‌లో బయటి యాప్‌ల మీద రెడిట్ వేసిన ఛార్జీల గురించి గొడవ జరిగినప్పుడు చాలామంది అటు వెళ్లారు. పెద్ద సర్వర్లలో ఒకటైన లెమ్.ఈఈ 2025 జూన్ చివర్లో మూతపడింది, నడిపేవాళ్లు అలసిపోయారు, భారం పంచుకునే చేతులు దొరకలేదు. అందులో ఉన్న కమ్యూనిటీలను ఉన్నవున్నట్టు ఎత్తుకెళ్లే వీలు లేదు.

## సొంత డొమైన్, సొంత సైటు

పాత పద్ధతిలా కనిపిస్తుంది, కానీ ఇప్పుడు దీనికి కొత్త బలం వచ్చింది. వర్డ్‌ప్రెస్ సైటుకు యాక్టివిటీపబ్ ప్లగిన్ పెడితే మాస్టోడాన్‌లో ఉన్నవాళ్లు మీ సైటునే ఒక అకౌంట్‌లా ఫాలో కావచ్చు, వాళ్లక్కడ రాసిన జవాబు మీ సైటులో కామెంటుగా వస్తుంది. ఘోస్ట్ అనే బ్లాగు సాఫ్ట్‌వేర్ కూడా 2025లో ఇదే పని మొదలుపెట్టింది. ఇక బ్రిడ్జీ ఫెడ్ అనే వంతెన ఉంది, దాంతో బ్లూస్కైకీ యాక్టివిటీపబ్ వైపుకీ మాటలు అటూఇటూ వెళ్తాయి. రాత మీ ఇంట్లోనే ఉంటుంది, పాఠకులు ఎవరి ఊళ్లో వాళ్లుండి చదువుతారు. డొమైన్‌కు ఏడాదికి వెయ్యి రూపాయల అటూఇటూ, హోస్టింగ్‌కు నెలకు కొన్ని వందలు. ఆ డొమైన్ ఒక్కరి పేరు మీద, ఒక్కరి కార్డు మీద ఉండనివ్వకండి. రెన్యూవల్ తేదీ కనీసం ముగ్గురికి తెలియాలి.

| వేదిక | పేరు | మనుషులు | పాత రాతలు | పెద్దవాళ్లు చేరడం |
|---|---|---|---|---|
| ఉన్నచోటే | రాదు | రారు | ఫేస్‌బుక్‌లో మీవి మాత్రమే, అదీ అకౌంట్ తెరుచుకుంటే | చాలా తేలిక |
| మాస్టోడాన్ | మారుతుంది | వస్తారు, పాత సర్వర్ బతికుంటే | ఫైలుగా దక్కుతాయి, కొత్త చోట చేరవు | కాస్త ఓపిక కావాలి |
| బ్లూస్కై | సొంత డొమైన్ అయితే ఉంటుంది | వస్తారు | వస్తాయి | తేలిక |
| మ్యాట్రిక్స్ | మారుతుంది | గది ఉంటుంది, మీరు మళ్లీ చేరాలి | గదిలో ఉంటాయి, కీ పోతే చదవలేరు | కష్టం |
| నాస్టర్ | తాళంచెవే పేరు | ఉంటారు | రిలేలు దాచినన్నాళ్లు | చాలా కష్టం |
| లెమ్మీ | మారుతుంది | రారు | రావు | పర్వాలేదు |
| సొంత సైటు | మీదే | ఈమెయిల్ జాబితా మీదే | మీవే | చదవడం తేలిక, రాయడం నేర్పాలి |

## మీరు ఎవరన్నదాన్ని బట్టి

కథలో కవితలో రాసుకునే ఒక్కరే అయితే, డొమైన్ కొని, సైటులో రాసి, బ్లూస్కైలో ఆ డొమైన్ పేరుతోనే అకౌంట్ పెట్టుకోండి. కొత్త పాఠకులు దొరికే అవకాశం అక్కడే ఎక్కువ. రేపు బ్లూస్కై ఏమైనా మీ రాత సైటులోనే ఉంటుంది.

యాభై నుంచి రెండు మూడు వందల మంది ఉన్న గుంపు అయి, ఇద్దరు ముగ్గురు ఓపిక ఉన్న మనుషులుంటే మాస్టోడాన్ సర్వర్ చక్కగా సరిపోతుంది. సర్వర్ సాఫ్ట్‌వేర్ చూసుకునే పని డబ్బిచ్చి హోస్టింగ్ వాళ్లకు అప్పగించండి, మోడరేషన్ మాత్రం మీ చేతుల్లో పెట్టుకోండి. ఫొటోల నిల్వ పెరిగేకొద్దీ బిల్లు పెరుగుతుంది, దానికి ముందే చందా మాట్లాడుకోవాలి. ఇండియాలో నడిపేవాళ్లకు ఇంకో సంగతి: 2021 ఐటీ రూల్స్ ప్రకారం ఇతరుల పోస్టులు ఉంచే సర్వర్ అంటే మధ్యవర్తి సంస్థ కిందికే వస్తుంది, ఫిర్యాదులు తీసుకునే వ్యక్తి వివరాలు సైటులో పెట్టాలి. 2023 వ్యక్తిగత డేటా చట్టంలో 18 ఏళ్లలోపు వాళ్లందరూ పిల్లలే, వాళ్లను చేర్చుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని అందులో రాసుంది. మేము మాత్రం 18 దాటినవాళ్లనే చేర్చుకుంటున్నాం.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న తెలుగు సంఘాల సంగతి వేరు. వాళ్లకు జనం ఉన్నారు, డబ్బుంది, కమిటీ మాత్రం రెండేళ్లకోసారి మారుతుంది, పాత కమిటీ వాళ్ల పాస్‌వర్డులు వాళ్లతోనే పోతాయి. ఇలాంటి చోట ముందు సంఘం పేరు మీద డొమైన్, ఈమెయిల్ జాబితా, సైటు. కబుర్లకు వాట్సాప్ ఉండనివ్వండి.

సాఫ్ట్‌వేర్ చేసే కుర్రకారు గుంపులకు మ్యాట్రిక్స్ బాగుంటుంది, ఎలిమెంట్ సంగతి తెలిసే వెళ్తారు కాబట్టి. సినిమా అభిమానుల గుంపులు ఎక్కడికీ వెళ్లవు, వాళ్లకు కావలసింది జనసమ్మర్దం, అది ఇప్పటికీ పెద్ద వేదికల్లోనే ఉంది.

రాబోయే రోజుల గురించి నాకనిపిస్తున్నది చెప్తాను. అందరూ కలిసి ఒకే కొత్త చోటికి వలస వెళ్లే రోజు రాదు. చిన్న చిన్న ఊళ్లు, వాటి మధ్య వంతెనలు, అలా పెరుగుతాయి. వయసు తనిఖీ లాంటి చట్టాలు పెరిగేకొద్దీ జీతం లేకుండా సర్వర్ నడిపేవాళ్ల మీద భారం ఎక్కువవుతుంది. ఆ భారాన్ని పంచుకునే గుంపులే నిలుస్తాయి. మనకు గ్రంథాలయాలను చందాలతో నడిపిన అలవాటు ఉంది, ఊరూరా పది రూపాయలు వేసుకుని పుస్తకాలు తెప్పించుకున్న మనుషులు మన తాతలు. సర్వర్‌కూ అలాగే చందా వేసుకోలేమా అని నేను మా గుంపులో అడిగాను. నెలకు యాభై చొప్పున అరవై రెండు మంది ఒప్పుకున్నారు.

మేము చివరికి రెండు పెట్టుకున్నాం: రాతలకు మా డొమైన్‌లో సైటు, మాటలకు అదే డొమైన్ మీద మాస్టోడాన్. ప్రతి నెలా మొదటి ఆదివారం మొత్తం దించి రెండు హార్డ్ డిస్కుల్లో పెడుతున్నాం, ఒకటి విజయవాడలో, ఒకటి మాస్టారింట్లో. వాట్సాప్ గ్రూపును కూడా తీసేయలేదు, కొత్త పోస్టు పడగానే లింకు అందులో వేస్తున్నాం, లేకపోతే సగం మంది రారు. మీరూ మారేటప్పుడు కనీసం మూడు నెలలు రెండు చోట్లా ఉండండి.

ఆ పెద్దావిడ రాసిన పద్నాలుగు భాగాల్లో మూడు దొరికాయి. గుంపులో ఒకరు అప్పట్లో వాళ్ల చెల్లెలికి ఈమెయిల్ చేసిపెట్టారట. వాళ్లమ్మాయి అనుమతి తీసుకుని, కొత్త సైటులో మొదటి మూడు పోస్టులుగా అవే వేశాం. మిగతా పదకొండింటి కోసం పాత ఫోన్లలో స్క్రీన్‌షాట్లు వెతుకుతున్నాం. కోటప్పకొండ, ఎడ్లబండి, ప్రభ అన్న మాటలతో మీ దగ్గర ఎక్కడైనా ఏమైనా కనిపిస్తే దయచేసి చెప్పండి.